కుటుంబ వక్ఫ్‌లో ఆడవాళ్లకు లెక్క చెప్పేదెవరు?

సంపాదకుల వారికి నమస్కారం.

వక్ఫ్ సవరణ చట్టం మీద మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. కుటుంబ వక్ఫ్‌ల (అమ్మకుండా దైవం పేరిట కట్టేసి, రాబడి సంతానానికి దక్కేలా రాసిన ఆస్తుల) పేరు చెప్పి ఆడపిల్లల వాటా ఎగ్గొట్టే అలవాటుకు 2025 చట్టం అడ్డుకట్ట వేసిందని అందులో రాశారు. ఆ కట్ట ఏ కాలువకు వేశారో చూడకుండానే రాసినట్టున్నారు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, కత్తిరించాల్సి వస్తే చరిత్ర కత్తిరించండి, లెక్కల సంగతి మాత్రం ఉంచండి.

నేను నెల్లూరు మనిషిని. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా నాన్నగారి తాత బియ్యం వ్యాపారి. ఆయన 1927లో ఒక వక్ఫ్‌నామా రాసి రిజిస్ట్రీ చేయించారు. బజారులో రెండు కొట్లు, వాటి మీద మేడ, పెన్న కాలువ కింద నాలుగెకరాల మాగాణి. వాటి మీద వచ్చే రాబడిలో ముందు మరమ్మతులు, శిస్తు పోవాలి. చూసుకునే ముతవల్లీకి పదో వంతు. మిగిలినదాంట్లో ఆరో వంతు మసీదులో దీపాలకు, వజూ (నమాజుకు ముందు కాళ్లూచేతులూ కడుక్కునే) నీళ్లకు, బాటసారుల భోజనానికి. తక్కినదంతా సంతానానికి, తరతరాలకూ, ‘ఆడా మగా భేదము లేక సమభాగములుగా’. వంశం అంతరిస్తే మొత్తం బీదలకు. మేడ మీద గదుల్లో, భర్త పోయిగానీ భర్త వదిలేసిగానీ పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల ఎవరైనా ఉన్నన్నాళ్లు ఉండవచ్చు, అద్దె అడగకూడదు. దస్తావేజు తెలుగులోనే ఉంది. రాసిన గుమాస్తా దస్తూరి ముత్యాల కోవలా ఉంటుంది.

కొడుక్కి రెండు, కూతురికి ఒకటి అనేది వారసత్వ ధర్మం. వక్ఫ్‌లో వాటాలు ఎలా ఉండాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ రాసేవారిది. మా ముత్తాత ఆ స్వేచ్ఛను ఆడపిల్లల వైపు వాడారు. అంటే చట్టం ఇచ్చే దానికంటే ఎక్కువే ఇచ్చారు. మరి మా ఫుప్పులకు, అంటే నాన్నగారి అక్కచెల్లెళ్లకు, ఏం ముట్టింది?

రంజాన్‌కి ఒక చీర.

పండగకు రెండు రోజుల ముందు పెద్దింటి నుంచి గంపలో చీరలు వచ్చేవి. ఒక్కొక్కరికి ఒకటి, దాంతోపాటు సేమ్యా, చక్కెర, పిల్లలకు ఈదీ (పండగ డబ్బులు). చీర అందుకున్న ఫుప్పులు ‘అల్లా బర్కత్ ఇవ్వాలి, అన్న మమ్మల్ని మరవడు’ అని దీవించేవాళ్లు. గూడూరులో ఉండే పెద్ద ఫుప్పు అయితే ఆ చీరలన్నీ ట్రంకు పెట్టెలో దాచుకుంది, కట్టుకోవడానికి మనసొప్పక. తమ సొమ్ములోంచి కొన్న చీరలకు తామే కృతజ్ఞత చెప్పుకుంటున్నామని వాళ్లలో ఒక్కరికీ తెలియదు. దస్తావేజు చదివినవాళ్లు లేరు. అది ముతవల్లీ గారి ఇంట్లో ఇనప్పెట్టెలో ఉందని తెలుసు, అంతే. తరం మారాక చీరలు కూడా మానేశారు. ఎవరూ అడగలేదు. దయతో పెట్టింది మానేస్తే అడిగే నోరు ఎవరికుంటుంది?

ఇప్పుడు చట్టం సంగతి. 1995 వక్ఫ్ చట్టంలో కొత్తగా 3-ఎ సెక్షన్ చేర్చారు. ఎవరైనా వక్ఫ్ అలల్ ఔలాద్, అంటే తన సంతానం కోసం వక్ఫ్, ఏర్పాటు చేస్తే దానివల్ల వారసుల హక్కులు, ఆడ వారసుల హక్కులతో సహా, పోకూడదని అది చెబుతుంది. మంచి మాటే. అయితే అది వక్ఫ్ పుట్టే రోజు గురించిన మాట. ఈ రోజుల్లో కొత్తగా కుటుంబ వక్ఫ్ రాసేవాళ్లు ఎందరున్నారు? నా బంధువుల్లో, పరిచయస్తుల్లో ఒక్కరూ కనబడలేదు. ఉన్నవన్నీ తాతముత్తాతలు రాసిపోయినవే. వాటిలో ఆడవాళ్లకు జరిగే నష్టం దస్తావేజులో లేదు. ఏటా రాబడి ఎంత, ఎవరికి ఎంత ఇచ్చారన్న కాగితం లేకపోవడంలో ఉంది. దాని గురించి కొత్త చట్టం చెప్పింది చాలా తక్కువ.

నిజానికి ఈ మతలబు పాతది. పిల్లలకు చెప్పినట్టు చెబుతున్నానని అనుకోకండి, అలవాటు పోలేదు.

అరేబియాలోని ఖైబర్‌లో తనకు దక్కిన భూమిని ఏం చేయమంటారని ప్రవక్త సహచరుడు హజ్రత్ ఉమర్ అడిగితే, భూమిని కదలకుండా కట్టేసి దాని ఫలాన్ని దానమివ్వమని ప్రవక్త చెప్పారని హదీసు. అమ్మకూడదు, కానుకగా ఇవ్వకూడదు, వారసత్వంగా పంచకూడదు. ఫలం పొందేవాళ్లలో బీదలు, బాటసారులు, అతిథులతో పాటు బంధువులూ ఉన్నారు. చూసుకునేవాళ్లు అందులోంచి న్యాయంగా తినవచ్చు, కూడబెట్టుకోకూడదు. ఉమర్ తన తర్వాత ఆ పెత్తనం ఎవరికి అప్పగించారు? కూతురు హఫ్సాకు. ముతవల్లీగిరీ మగవాళ్ల పని అని మా అన్నగారు (పెదనాన్న గారి కొడుకు, ఇప్పటి ముతవల్లీ) నాతో అన్నప్పుడు నేను చెప్పింది ఇదే. ఆయన దగ్గర జవాబు లేదు, కోపం మాత్రం ఉంది. ఆడవాళ్లు ముతవల్లీగా ఉండవచ్చని మన కోర్టులు ఒప్పుకుని కూడా నూరేళ్లు దాటింది. మేడ మీద గదుల షరతు కూడా మా ముత్తాత సొంతంగా కనిపెట్టింది కాదని తర్వాత తెలిసింది. ప్రవక్త సహచరుడు జుబైర్ తన ఇళ్లను వక్ఫ్ చేస్తూ, పుట్టింటికి తిరిగొచ్చిన కూతుళ్లు అందులో ఉండవచ్చని, మళ్లీ పెళ్లయితే ఆ హక్కు ఉండదని రాసిపెట్టారట.

బ్రిటిష్ వాళ్ల కోర్టులకు ఇది మింగుడుపడలేదు. సొంత పిల్లలకు పెట్టుకునేది ధర్మం ఎలా అవుతుందన్నది వాళ్ల ప్రశ్న. 1894లో అబుల్ ఫతా కేసులో ప్రివీ కౌన్సిల్ (లండన్‌లో ఉండే అప్పటి పై కోర్టు) అలాంటి వక్ఫ్ చెల్లదని తేల్చింది. బీదలకు దక్కేది ఎప్పుడో వంశం అంతరించాకే కాబట్టి ఆ దానం ఉత్తుత్తిదంది. అంతకు ముందే కలకత్తా హైకోర్టులో జస్టిస్ అమీర్ అలీ దీనికి అసమ్మతి తీర్పు రాశారు, ఆయన మాట నెగ్గలేదు. తర్వాత షిబ్లీ నొమానీ లాంటి పండితులు ఊరూరా ఉద్యమం నడిపారు. ముహమ్మద్ అలీ జిన్నా ఇంపీరియల్ లెజిస్లేటివ్ కౌన్సిల్‌లో బిల్లు పెట్టారు. 1913లో ముసల్మాన్ వక్ఫ్ వాలిడేటింగ్ చట్టం వచ్చింది. చివరికి బీదలకో, శాశ్వతమైన ధర్మకార్యానికో చేరేలా ఉంటే కుటుంబ వక్ఫ్ చెల్లుతుందని అది చెప్పింది. అంతకు ముందు రాసిన వాటికీ అది వర్తిస్తుందని 1930లో ఇంకో చట్టం చేశారు. మా ముత్తాత 1927లో రాశారు కాబట్టి ఆయనకు ఆ బెంగ లేదు.

మీ వ్యాసంలో లేనిది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనదిగా తోచేది 1923 ముసల్మాన్ వక్ఫ్ చట్టం. ముతవల్లీ ఆస్తుల వివరాలు జిల్లా కోర్టుకు ఇవ్వాలని, ఏటా లెక్కలు సమర్పించాలని చెప్పిన చట్టం అది. అందులో వక్ఫ్ అనే మాటకు నిర్వచనం చదువుకుంటూ పోతే చివర్లో ఒక మినహాయింపు ఉంటుంది. రాసినవాళ్లు గానీ, వాళ్ల కుటుంబం, సంతానం గానీ లబ్ధి పొందుతున్న వక్ఫ్‌లకు ఈ చట్టం వర్తించదు. ఇంటి విషయం ఇంట్లో తేల్చుకుంటారులే అనుకున్నారేమో. ఇంట్లో తేల్చేది ఎవరో వాళ్లకు తెలియదా? ఆ చట్టాన్ని 2025లో రద్దు చేశారు, కాని ఆ ఆలోచన రద్దు కాలేదు.

1995 చట్టంలో చూడండి. వక్ఫ్ అలల్ ఔలాద్ కూడా వక్ఫే, కాని అందులో ధర్మకార్యాలకు కేటాయించిన మేరకే. అంటే మా దాంట్లో మసీదు దీపాల ఆరో వంతు సంగతి వక్ఫ్ బోర్డు అడుగుతుంది. మిగిలిన అయిదు వంతులు ఎవరికి పోయాయని అడిగే నాథుడు లేడు. నేను దస్తావేజు నకలు పట్టుకుని ఒక కార్యాలయానికి వెళ్తే అక్కడి ఉద్యోగి మర్యాదగానే చెప్పాడు: ‘అమ్మా, మసీదు వాటా జమ అయింది, మిగతాది మీ కుటుంబ తగాదా, సివిల్ కోర్టుకు వెళ్లండి.’ డెబ్బై దాటిన మనిషిని, అన్న వరసవాడి మీద, సంవత్సరానికి కొన్ని వేల కోసం సివిల్ దావా వేయమంటున్నాడు. వకీలు ఫీజుకే ఆ వాటా చాలదు.

ఆడిట్ ఉంది కదా అంటారు. నికర ఆదాయం ఏడాదికి ఇంతకు మించకపోతే లెక్కల పట్టీ ఇస్తే చాలు. అలాంటి చిన్న వక్ఫ్‌లలో నూటికి రెండింటిని మాత్రమే ఏటా ఆడిట్ చేస్తారు. ఆ హద్దు ఇంతకు ముందు 50 వేలు, 2025లో లక్షకు పెంచారు. మా రెండు కొట్లకు పుస్తకంలో ఉన్న అద్దె నెలకు ఒక్కోదానికి 1,100 రూపాయలు. ఆ వరసలోనే పక్క కొట్టుకు, అది ఎవరో కోమట్లది, పదిహేను వేలు. ఒక కొట్టులో ఉన్నవాడు అసలు అద్దెదారు కాడు, అతని దగ్గర తిరిగి అద్దెకు తీసుకున్న సెల్‌ఫోన్ల అబ్బాయి. తను నెలకు పన్నెండు వేలు కడుతున్నానని అతనే నాకు చెప్పాడు. ఈ తేడా ఎవరి జేబులోకి పోతోందో నేను ఊహించి రాయను. కాని పుస్తకంలో అద్దె తక్కువగా ఉన్నంత కాలం రాబడి లక్ష దాటదు, లక్ష దాటనంత కాలం ఆడిటర్ రాడు. మాగాణి కౌలు పుట్ల లెక్కన వస్తుంది, పుస్తకంలోకి ఎన్ని పుట్లు ఎక్కుతాయో కౌలు రైతునే అడగాలి.

ఇక ఉమీద్ పోర్టల్, అంటే వక్ఫ్ ఆస్తుల వివరాలు ఎక్కించడానికి ప్రభుత్వం పెట్టిన వెబ్‌సైటు. 2025 జూన్ 6న మొదలుపెట్టారు. ఉన్న వక్ఫ్‌లన్నిటినీ ఆరు నెలల్లో ఎక్కించమన్నారు. గడువు పొడిగించమని అడిగితే సుప్రీంకోర్టు కుదరదంది, ఇబ్బంది ఉన్నవాళ్లు వక్ఫ్ ట్రైబ్యునల్‌కు వెళ్లమంది. ముతవల్లీలు ఎంత తంటాలు పడ్డారో నాకు తెలుసు, మా వీధి కుర్రాళ్లు రాత్రుళ్లు కూర్చుని స్కాన్లు చేసి పెట్టారు. నేను పోర్టల్‌కు వ్యతిరేకిని కాను. ఆస్తి హద్దులు, ఎవరి స్వాధీనంలో ఉంది, దస్తావేజు ఉంటే దాని నకలు, మొత్తం రాబడి, పన్నులు, కోర్టు కేసులు అన్నీ అడిగారు. ముతవల్లీ జీతానికి, వ్యక్తులకిచ్చే భత్యాలకు కేటాయించిన సొమ్ము ఎంతో కూడా చెప్పమంది చట్టం. అదిగో, వ్యక్తులకిచ్చే భత్యాలు! అక్కడి దాకా వచ్చి ఆగిపోయారు. ఎంత కేటాయించారన్నది ఒక అంకె. ఆ వ్యక్తులు ఎవరు, ఒక్కొక్కరికి ఎంత ముట్టింది, ముట్టినట్టు రుజువేది? ఆ గడి ఉండి ఉంటే మా అన్నగారు మా ముప్పై ఏడుగురి పేర్లు (మా చెల్లెలు వంశవృక్షం గీసి తేల్చిన లెక్క) రాయాల్సి వచ్చేది. లేదా, లేనివాళ్ల పేర్లన్నా కల్పించాల్సి వచ్చేది, అప్పుడు పట్టుకోవడం తేలిక.

కొత్త చట్టం ఇంకో పని కూడా చేసింది, దాని గురించి టీవీల్లో మాట్లాడిన ఆడవాళ్లను నేను చూడలేదు. 1995 చట్టంలో 107వ సెక్షన్ ప్రకారం వక్ఫ్ ఆస్తిని తిరిగి స్వాధీనం చేసుకోవడానికి వేసే దావాకు కాలపరిమితి ఉండేది కాదు. ఆ వెసులుబాటును తీసేశారు. 2025 సెప్టెంబర్ 15న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులో కొన్ని నిబంధనలను ఆపారు. వక్ఫ్ రాసేవాళ్లు అయిదేళ్లుగా ఇస్లాం ఆచరిస్తున్నట్టు చూపాలన్నది ఆగింది, ప్రభుత్వ భూమా కాదా అని అధికారి విచారణ మొదలుపెట్టగానే ఆస్తికి వక్ఫ్ హోదా పోతుందన్నది ఆగింది. 107 తీసేయడాన్ని మాత్రం ఆపలేదు. అందరికీ ఉన్న పరిమితి వక్ఫ్‌కూ ఉంటే తప్పేమిటన్న వాదనలో పస ఉంది, కాదనను. పొరుగువాడి భూమి మీద ఎనభై ఏళ్ల తర్వాత కేసు వేయడం నాకూ న్యాయంగా తోచదు.

మా ఇంటి సంగతి చూడండి. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీయిస్తే తెలిసింది, మాగాణిలో ఎకరం అరవై సెంట్లు 1986లో అప్పటి ముతవల్లీ అమ్మేశారు. అమ్మకూడని ఆస్తి. బోర్డు అనుమతి లేదు. ఆ అమ్మకం గురించి మా ఫుప్పుల్లో ఒక్కరికీ తెలియదు, తెలియజేయాల్సిన పని ముతవల్లీకి ఉందని ఎవరూ అనుకోలేదు. ఇప్పుడక్కడ ఇళ్లున్నాయి. ఆ ఇళ్లు కట్టుకున్నవాళ్లను ఖాళీ చేయించాలని నాకు లేదు, వాళ్లు డబ్బిచ్చి కొనుక్కున్నారు. అమ్మిన సొమ్ముతో ఇంకో ఆస్తి కొన్నారా, కొనకపోతే అదెక్కడికి పోయింది అని అడగాలని ఉంది. ఆస్తి దావాకు ఉన్న పన్నెండేళ్ల గడువు లెక్క ఏ రోజు నుంచి మొదలవుతుంది? దస్తావేజు ఇనప్పెట్టెలో ఉన్నన్నాళ్లూ కాలం పరుగెత్తుతూనే ఉందా? హక్కుదారుకు తొలిసారి లెక్కల నకలు అందిన రోజు నుంచే పరిమితి లెక్కించాలని చట్టంలో రాస్తే, ఆడవాళ్లకు నిజంగా మేలు చేసినట్టవుతుంది.

అన్నిటికీ మందు ఒక్కటే, కుటుంబ వక్ఫ్‌లు రద్దు చేసి ఆస్తి పంచేయాలనేవాళ్లు ఉన్నారు. ఈజిప్టులో 1952లో అలాగే చేశారు, సిరియాలో అంతకు మూడేళ్ల ముందే. మా చెల్లెలి కొడుకు కువైట్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ఇదే పాట. ముప్పై ఏడుగురికి పంచితే ఒక్కొక్కరికి ఏమొస్తుందో వాడు లెక్క వేయలేదు. నేను ఒప్పుకోకపోవడానికి అసలు కారణం వేరు. మా చిన్న ఫుప్పును పెళ్లయిన నాలుగో ఏట భర్త తలాక్ ఇచ్చి పంపేశాడు. అప్పటికి మా తాత లేరు. అన్నదమ్ముల ఇళ్లలో ఎక్కడ ఉన్నా ఏదో ఒక మాట పడాల్సి వచ్చేది. ఆమె ఆ మేడ మీద గదుల్లోకి వెళ్లింది. కుట్టుమిషన్ పెట్టుకుంది, చుట్టుపక్కల పిల్లలకు ఖురాన్ నేర్పింది, మొహర్రంలో రొట్టెల పండగకు దూరం నుంచి వచ్చే చుట్టాలందరికీ ఆ మేడే బస. స్వర్ణాల చెరువులో రొట్టెలు పట్టుకుని వచ్చి అక్కడే తడిబట్టలు ఆరేసుకునేవాళ్లం. ఒకసారి మా పెదనాన్న ఆ మేడను గోడౌన్‌కు ఇస్తానంటే, వక్ఫ్‌నామాలో ఉన్న షరతు తెలిసిన ఒక ముసలి వకీలు గుమాస్తా వచ్చి కుదరదని చెప్పాడు. దాంతో ఆయన వెనక్కి తగ్గారు. ఆమె చివరిదాకా అక్కడే ఉంది. అదే ఆస్తి వారసత్వంగా పంచి ఉంటే, ఆమె వాటా ఏ అవసరానికో అమ్ముడుపోయి ఉండేది. ఉన్నవాటిలో ఆడవాళ్లకు పనికొచ్చేది దస్తావేజే. దాన్ని రద్దు చేయడమెందుకు, అమలు చేయండి.

కొత్త చట్టంలో ఇంకొక మంచి మాట ఉంది, చాలామంది చూడలేదు. వంశం అంతరించిన కుటుంబ వక్ఫ్ రాబడిని, రాసినవారి ఉద్దేశం అదైతే, వితంతువుల, విడాకులు పొందినవాళ్ల, అనాథల పోషణకు వాడవచ్చు. సరే, వంశం అంతరించేదాకా ఆగాలి మరి.

ఇది రాస్తున్నానని తెలిసి మావాళ్లు కొందరు, ఇంటి గుట్టు ఇప్పుడు రచ్చకెక్కిస్తావా, అందరూ వక్ఫ్ మీద కన్నేసిన సమయంలో అన్నారు. వాళ్ల భయం నాకు తెలియనిది కాదు. పెద్ద కేసులు అందరూ చూశారు. హైదరాబాద్ దగ్గర మణికొండ దర్గా భూమిలో 1989 గెజిట్ చూపింది 5,506 గజాలు, 2006 సవరణ ప్రకటన చెప్పింది 1,654 ఎకరాల 32 గుంటలు. ఆ భూమి ప్రభుత్వానిదేనని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. గెజిట్‌లో ఒక అంకె రాసి, పదిహేడేళ్ల తర్వాత ఇంకో అంకె రాస్తే ఎవరు నమ్ముతారు? కాగితాలు సరిగా లేనివాడికి కోర్టులో బలముండదు. మన లెక్కలు మనమే చూపించుకుంటే ఎవరికీ భయపడనక్కర్లేదని నేను వాళ్లకు చెప్పాను. ఇంకోవైపు, వక్ఫ్ అంటేనే దోపిడీ అని ఎగిరేవాళ్లకు కూడా ఒక మాట. ముతవల్లీ యజమాని కాదు, నిర్వాహకుడు మాత్రమేనని ప్రివీ కౌన్సిల్లో అమీర్ అలీ చెప్పింది 1921లో, మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్లిన ఒక మఠం ఆస్తి కేసులో. విద్యావారుతి కేసు అంటారు. మఠాధిపతి గురించి, ముతవల్లీ గురించి ఒకే తీర్పులో చెప్పాల్సి వచ్చింది. సత్రాల ఆస్తులు ఏమయ్యాయో మీ పాత సంచికలే చెబుతాయి.

కాబట్టి నేను అడిగేది పెద్ద సంస్కరణ కాదు. కుటుంబ వక్ఫ్ అయితే పోర్టల్‌లో హక్కుదారుల జాబితా ఉండాలి. ఊరందరికీ కనబడనక్కర్లేదు, ఆ జాబితాలో ఉన్నవాళ్లు తమ ఆధార్‌తో తెరిచి చూసుకోగలిగితే చాలు. బోర్డుకిచ్చే వార్షిక లెక్క నకలు ప్రతి హక్కుదారుకూ పోవాలి, మసీదు వాటా లెక్క ఒక్కటే కాకుండా మొత్తం లెక్క. వాటా సొమ్ము బ్యాంకు ఖాతాకే వేయాలి, చీర రూపంలోనో, ఈదీ రూపంలోనో చెల్లదు. అద్దె పెంచి బహిరంగంగా కొట్లు వేలం వేయమని నేను మా అన్నగారినీ అడిగాను. ఆయనకూ పదో వంతు పెరుగుతుంది కదా అని నచ్చజెప్పాను కూడా. బోర్డులో ఇద్దరు మహిళలు ఉండాలని 2013 నుంచీ ఉంది, 2025లోనూ ఉంచారు. ఆ ఇద్దరూ ఈ ఒక్క పని భుజాన వేసుకుంటే బాగుంటుంది.

మీ పాఠకుల్లో నాలాంటివాళ్లు ఉండి ఉంటారు, పుట్టింట్లో ఏదో వక్ఫ్ ఉందని విని, కాగితం చూడనివాళ్లు. దస్తావేజు రాసినవారి పేరు, ఇంచుమించు సంవత్సరం, ఊరు తెలిస్తే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించవచ్చు. స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో ఉంటాయి, వాటి నకలు ఎవరైనా రుసుము కట్టి తీసుకోవచ్చు, ముతవల్లీ అనుమతి అక్కర్లేదు. దాంతోపాటు ఈసీ కూడా తీయించండి. నకలు చేతికొచ్చాక ముతవల్లీకి ఉత్తరం రాసి లెక్కలు అడగండి. రిజిస్టర్డ్ పోస్టును ఇప్పుడు స్పీడ్ పోస్టులో కలిపేశారు, అందులోనే పంపి డెలివరీ అయినట్టు రుజువు దాచుకోండి. జవాబు రాకపోతే వక్ఫ్ చట్టం 70వ సెక్షన్ కింద, ఆ వక్ఫ్‌తో సంబంధం ఉన్న ఎవరైనా విచారణ జరపమని అఫిడవిట్ జతచేసి బోర్డును కోరవచ్చు. నా అర్జీ నేను పెట్టాను. మా ముప్పై ఏడుగురిలో ఇప్పటిదాకా సంతకం చేసింది పదకొండు మంది, అందులో మగవాళ్లు ముగ్గురు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
నెల్లూరు.
(కుటుంబ విషయం కనుక పేరు ప్రచురించవద్దని మనవి.)